పెరటి కోళ్లకు సాయంత్రం పూట ఆల్చిప్ప నూక పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదరగానే నగరంలో కోళ్ల దాణా, మందులు అమ్మే దుకాణాల్లో ఒకటే మాట వినిపిస్తుంది: "మా కోడి తోలుగుడ్డు పెడుతోంది, ఏమన్నా ఇవ్వండి." అడిగినవారి చేతిలోకి ఒక కాల్షియం టానిక్ సీసా వస్తుంది. వారం పది రోజుల్లో సీసా అయిపోతుంది, తోలుగుడ్డు, అంటే గట్టి పెంకు లేని గుడ్డు, మాత్రం ఆగదు. ఉప్పల్, బోడుప్పల్ మొదలుకొని శంషాబాద్, మొయినాబాద్ దాకా మిద్దెల మీద, పెరళ్లలో నాలుగైదు కోళ్లు పెంచుకునే కుటుంబాలకు, టానిక్ బదులు ఆల్చిప్ప నూక, అంటే ముతకగా నలిపిన ఆల్చిప్పలు, ఎలా పెట్టాలో చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాం. కొంచెం పెద్దదే అయినా మీ వ్యవసాయ పేజీలో చోటివ్వమని మనవి.

ముందు లెక్క చూద్దాం. యాభై, యాభై అయిదు గ్రాముల గుడ్డుకు పెంకు అయిదారు గ్రాములుంటుంది. అందులో 94, 95 శాతం కాల్షియం కార్బనేటే. అంటే ఒక్కో గుడ్డుతో కోడి ఒంట్లోంచి దాదాపు 2 గ్రాముల కాల్షియం బయటికి పోతుంది. తిన్న కాల్షియంలో కోడికి ఒంటబట్టేది సుమారు సగం. కాబట్టి రోజూ గుడ్డు పెట్టే కోడి రోజుకు 4 గ్రాముల దాకా కాల్షియం తినాలి.

మరి మనం పెట్టే గింజల్లో ఎంతుంది? వంద గ్రాముల బియ్యపు నూకల్లో 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. జొన్నల్లో పాతిక మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూ. గింజల్లో మేటి అని పేరున్న రాగుల్లోనూ వందకు 350 మిల్లీగ్రాములే. వంద గ్రాములు మించి తినలేని కోడికి రాగులే పెట్టినా అవసరంలో పదో వంతు తీరదు, నూకలైతే నాలుగు వందల్లో ఒక వంతు. తక్కువ పడినదాన్ని కోడి తన ఎముకల్లోంచి తీసి పెంకుకు పెడుతుంది. దాని ఎముకలన్నీ కలిపినా ఉండే కాల్షియం ఇరవై గ్రాముల చిల్లర. ఎముకలు ఎన్ని గుడ్లకు ఓర్చుకుంటాయో ఎవరికి వారే లెక్కేసుకోవచ్చు. ముందు పెంకు పలచబడుతుంది, తర్వాత తోలుగుడ్డు వస్తుంది, ఆ తర్వాత గుడ్లు ఆగిపోతాయి. ఇంకా అలాగే సాగితే కోడి కాళ్ల మీద నిలబడలేక ఒక పక్కకు ఒరిగిపోతుంది, పట్టుకుంటే రెక్క ఎముక పుటుక్కుమంటుంది.

"మా అమ్మమ్మ ఇంట్లో కోళ్లకు ఇవన్నీ ఎవరు పెట్టారు?" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్న, జవాబూ ఉంది. ఆనాటి నాటుకోడి పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చునేది. పొదిగి, పిల్లలను సాకేంత కాలం గుడ్డు ఊసే ఉండదు. ఆ రెండు మూడు నెలల్లో ఎముకలు మళ్లీ నిండేవి. పైగా అది రోజంతా తిరిగి పురుగూ పుట్రా, నత్తగుల్లలు ఏరుకు తినేది, పాత గోడల గచ్చు పొడుచుకు తినేది. గోడకు పట్టించిన సున్నం ఏళ్ల తరబడి గాలి తగిలి మళ్లీ కాల్షియం కార్బనేటుగానే మారుతుంది, అంటే పెంకుకు కావలసిన సరుకే. ఇప్పుడు మన ఇళ్లలో ఉన్నది సిమెంటు గోడ, దాని మీద రంగు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక కోడి గోడ గీకుతుంటే ముచ్చటపడకూడదు. దానికి కాల్షియం చాలడం లేదని అర్థం చేసుకుని వెంటనే ఆల్చిప్ప నూక గిన్నె పెట్టాలి. కోడి జాతి కూడా మారింది. మన రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం తయారుచేసిన గ్రామప్రియ ఏడాదికి రెండు వందల పైచిలుకు గుడ్లు పెట్టగలదు, వనరాజా వంద దాకా పెడుతుంది. పొదుగు విరామం దాదాపు లేని ఈ కోళ్లకు నాటుకోడి తిండి పెట్టి గట్టి గుడ్డు రావాలంటే రాదు.

ఇక ఎక్కువమంది పొరపాటు పడే చోటుకు వద్దాం. కాల్షియం ఎంత పెట్టామన్నది ఎంత ముఖ్యమో ఏ పూట పెట్టాం, ఏ సైజు ముక్కల్లో పెట్టాం అన్నవీ అంతే ముఖ్యం.

కోడి పొద్దున గుడ్డు పెట్టిన అరగంటకల్లా లోపల మరో సొన జారుతుంది. నాలుగైదు గంటల్లో దాని చుట్టూ తెల్లసొన, పొరలు పట్టి, మధ్యాహ్నం దాటాక అది పెంకు తయారయ్యే సంచిలోకి చేరుతుంది. అక్కడ ఇరవై గంటల దాకా ఉంటుంది. పెంకు గట్టిగా పేరుకునేది రాత్రి పూట, అంటే కోడి దండెం మీద కునుకుతూ మేత ముట్టని వేళ. పొద్దున దాణాలో కలిపిన మెత్తని పొడి ఆ పాటికి పేగు దాటి రెట్టలో పోయి ఉంటుంది. అదే ముతక ముక్కలైతే కందనకాయలో నిలిచి, ఆమ్లానికి కొద్దికొద్దిగా కరుగుతూ రాత్రంతా రక్తంలోకి కాల్షియం అందిస్తాయి. కోడికి ఈ సంగతి తెలుసు. పొద్దున కన్నెత్తి చూడని చిప్ప ముక్కల దగ్గరికి పొద్దువాలే వేళ గుడ్డు కడుపులో ఉన్న కోడి తనంతట తనే వచ్చి ఏరుకుంటుంది. ఆ రోజు గుడ్డు లేని కోడి రెండు ముక్కలు పొడిచి పక్కకు పోతుంది.

ముక్క సైజు 2 నుంచి 4 మిల్లీమీటర్లు. కొలబద్ద వద్దు, సజ్జ గింజ కంటే చిన్నది కాకూడదు, జొన్న గింజను మించకూడదు. ఇంట్లో పిండి జల్లెడ పట్టి, కిందికి రాలిన పొడి పక్కన పెట్టండి. ఆ పొడి వృథా కాదు, గుడ్లు పెట్టే కోళ్లకు మాత్రమే వేసే తడి దాణాలో కలపొచ్చు. అయితే రాత్రి అవసరానికి దాన్ని నమ్ముకోవద్దు.

దుకాణంలో "షెల్ గ్రిట్" అని అడిగితే ఆల్చిప్పల నూక ఇస్తారు. అందులో కాల్షియం 38 శాతం దాకా ఉంటుంది. సున్నపురాయి నూకలోనూ ఇంచుమించు అంతే. గుడ్డు పెంకుల్లోనూ అంతే. ఈ మూడింటిలో ఏది దొరికినా సరిపోతుంది. కొనేముందు గుప్పిట్లోకి తీసుకుని చూడండి. ఆల్చిప్ప ముక్క పలచగా, పొరలు పొరలుగా, ఒక వైపు ముత్యంలా మెరుస్తుంది. అందులో ఇసుక, గుండ్రటి గులకరాళ్లు ఎక్కువగా కనిపిస్తే కల్తీ. ఉప్పగా ఉంటే ఒకసారి కడిగి ఆరబెట్టి వాడండి.

"గ్రిట్" అన్న పేరు దగ్గర మన హైదరాబాద్ వాళ్లు ఇంకో చోట మోసపోతారు. మన చుట్టూ ఉన్నది గ్రానైట్ రాయి. ఇల్లు కట్టేచోట దొరికే కంకర పొడి, పెరట్లో రాతి మొరం కోడి తినడం మంచిదే, కందనకాయలో గింజ నలగడానికి అది తిరగలిలా పనిచేస్తుంది. అందులో కోడికి ఒంటబట్టే కాల్షియం లేదు. "మా కోళ్లు రోజంతా రాళ్లు తింటాయండీ" అన్నంత మాత్రాన పెంకుకు కావలసింది అందినట్టు కాదు. తేడా తెలుసుకోవడానికి వంటింట్లోనే పరీక్ష ఉంది. స్టీలు చెంచాలో చిటికెడు నూక వేసి నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. ఆల్చిప్ప, సున్నపురాయి, గుడ్డు పెంకు అయితే అంచుల వెంట సన్నని బుడగలు లేచి చిటచిటలాడుతుంది. గ్రానైట్, ఇసుక చలించవు. బడిలో రాసే సుద్దముక్కల్లో చాలావరకు జిప్సం ఉంటుంది, అదీ పొంగదు. ముగ్గుపిండి పొంగినా కోడికి పెట్టొద్దు. అందులో ఏ రాయి పొడి ఉందో, ఏ రంగు కలిసిందో సంచి మీద రాయరు. డోలమైట్ రాయి అయితే మెగ్నీషియం ఎక్కువై కోళ్లు పారుకుంటాయి.

ఎంత పెట్టాలి? నూకలు, జొన్నలు, ఇంట్లో మిగిలిన అన్నం మీద బతుకుతూ దాదాపు రోజూ గుడ్డు పెట్టే కోడికి 8 నుంచి 10 గ్రాముల చిప్ప నూక. రోజు విడిచి రోజు పెట్టే నాటుకోడికి 4, 5 గ్రాములు. టీ చెంచా తలకొట్టి నింపితే ఆరు గ్రాముల దగ్గర ఉంటుంది. ముక్కల సైజును బట్టి మారుతుంది కనుక ఒక్కసారి కాటాలో తూచి చూసుకుంటే తర్వాత చెంచా చాలు. అయిదు కోళ్లకు రోజుకు ఇరానీ చాయ్ కప్పులో సగానికి కొంచెం తక్కువ, నెలకు కిలోంబావు నుంచి కిలోన్నర. లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల దాణా) కొని పెట్టేవారు సంచి మీద కాల్షియం శాతం చూడండి. మూడున్నర నుంచి నాలుగు శాతం ఉంటే, కోడి రోజుకు 110 గ్రాములు తింటే, 4 గ్రాములు అందినట్టే. అప్పుడు సాయంత్రం గిన్నెలో కొద్దిగా ఉంచితే చాలు, కావలసిన కోడి తీసుకుంటుంది. ఖర్చు తగ్గుతుందని దాణాలో సగానికి సగం నూకలు కలిపేవారు మాత్రం కాల్షియం కూడా సగానికి దిగిందని మరవకూడదు. ఆ లోటుకు కోడికి అయిదు గ్రాముల చిప్ప నూక పడుతుంది. మిద్దె కోళ్లలో తోలుగుడ్లకు ఎక్కువగా కనిపించే కారణం ఈ కలపడమే. సంచి మీద కాల్షియం ఒక శాతమే ఉంటే అది ఎదిగే పిల్లల దాణా, అదొక్కటే పెడితే గుడ్లు పెట్టే కోడికి చాలదు.

గిన్నె గురించి రెండు మాటలు. దాణా గిన్నెలో కలపకుండా వేరే గిన్నెలో పెట్టడం అన్నిటికంటే ముఖ్యం. కలిపితే గుడ్డు పెట్టని కోడీ, పుంజూ, పిల్లా అందరూ బలవంతంగా తినాల్సి వస్తుంది. కొబ్బరి చిప్పకు రెండు బెజ్జాలు పెట్టి తీగతో గూడు కమ్మికి, కోడి వీపు ఎత్తున కట్టండి. ఆ ఎత్తులో పెడితే కాళ్లతో చిమ్మవు, రెట్ట పడదు, కోడిపిల్లలకు అందదు. వాన జల్లు తగలని వైపు కట్టాలి. తడిసిన నూక పాడవదు గానీ బురద, రెట్ట అంటితే కోడి ముట్టదు. వారానికోసారి అడుగున మిగిలిన దుమ్ము పారబోసి కొత్తది వేయండి. డిసెంబర్‌లో మన దగ్గర అయిదూ నలభైకే పొద్దు గుంకుతుంది, జూన్‌లో ఏడు కావస్తుండగా. కోళ్లు చీకటి పడకముందే దండెం ఎక్కుతాయి కనుక చలికాలంలో నాలుగున్నరకల్లా, ఎండాకాలంలో అయిదున్నరకల్లా గిన్నె నిండి ఉండాలి. ఉద్యోగం నుంచి ఏడింటికి ఇంటికొచ్చేవారు పొద్దున్నే నింపి వదిలేసినా నష్టం లేదు, పొద్దువాలాక కోడే వెతుక్కుంటుంది. ఖాళీ గిన్నెతోనే నష్టం.

గుడ్డు పెంకులను తిరిగి పెట్టే పద్ధతి మంచిదే. సరిగ్గా చేయాలి. పెంకులు కడిగి, ఎండలో గలగలలాడేలా ఆరబెట్టండి. తర్వాత ఇనప పెనం మీద సన్నని మంట పైన పది పదిహేను నిమిషాలు కలుపుతూ వేయించాలి. లోపలి పొర ముడుచుకుని, వేళ్ల మధ్య నొక్కితే ఠప్పున విరగాలి, మాడకూడదు. ఈ వేడి తగలకపోతే పెంకు మీది సాల్మొనెల్లా లాంటి సూక్ష్మక్రిములు మళ్లీ గూట్లోకి చేరతాయి. ఆమ్లెట్ బండి దగ్గర నుంచి తెచ్చిన పెంకులను వేయించడానికి ముందు పది నిమిషాలు మరిగించండి కూడా. చల్లారాక పప్పుగుత్తితోనో రోకలితోనో నలిపి జల్లెడ పట్టాలి. సగం పెంకు సగం పెంకుగా, గుడ్డు ఆకారం తెలిసేలా విసిరేస్తే కోళ్లకు పెంకు రుచి తెలిసి, గూట్లో పెట్టిన గుడ్డును పొడుచుకు తినడం మరుగుతాయి. ఒక కోడికి అలవాటైతే మిగతావీ నేర్చుకుంటాయి, మాన్పించడం మహా కష్టం. పలచని గుడ్డు గూట్లో చిట్లినా ఇదే ప్రమాదం కనుక గూడు కింద గడ్డి రెండంగుళాల మందాన ఉండాలి, గుడ్లు పొద్దున్నే తీసేయాలి. ఇంకో లెక్క: అయిదు కోళ్లు రోజూ పెట్టే అయిదు గుడ్ల పెంకులన్నీ దాచినా పాతిక, ముప్పై గ్రాములే. కావలసింది నలభై, యాభై. తిన్నదాంట్లో సగమే ఒంటబడుతుంది కనుక సొంత పెంకులతోనే ఎప్పటికీ సరిపోదు, సగం ఆల్చిప్ప నూక కొనక తప్పదు.

ఇప్పుడు, పెట్టకూడనివి.

సున్నం. పొడి సున్నం, తడి సున్నం రెండూ ఘాటైన క్షారాలు, నోరు, గొంతు పుండు పడతాయి. సున్నపు తేట తాగిస్తే మంచిదని చెప్పేవాళ్లున్నారు. తేరుకున్న సున్నపు నీటిలో లీటరుకు ఉండేది ఒక గ్రాము కాల్షియం లోపే. కోడి రోజుకు తాగేది పావు లీటరు. అంటే పావు గ్రాము కూడా రాదు, ఆ రుచికి నీళ్లే తక్కువ తాగి గుడ్లు తగ్గుతాయి. బోరు నీరు గట్టిదని, కెటిల్‌లో తెల్లగా పేరుకుంటోందని ధైర్యపడేవారికీ ఇదే జవాబు: అందులో ఉండేది లీటరుకు మిల్లీగ్రాముల్లోనే.

టానిక్. సీసా వెనక చదవండి. వంద మిల్లీలీటర్లలో 1,600 మిల్లీగ్రాముల కాల్షియం అని ఉందనుకుందాం. కోడికి 5 మిల్లీలీటర్లు పోస్తే 80 మిల్లీగ్రాములు. కావలసింది 4,000. నీరసించిన కోడికి అందులోని విటమిన్ డి3 రెండు మూడు రోజులు ఆసరా అవుతుంది, పెంకు కట్టే సరుకు మాత్రం దాంతో రాదు.

డీసీపీ. "కాల్షియం పొడి" అంటే చాలా చోట్ల ఇదే పొట్లం కట్టిస్తారు. డైకాల్షియం ఫాస్ఫేట్‌లో కాల్షియం 23 శాతం చిల్లర, భాస్వరం 18 శాతం దాకా. గింజలు, తవుడు తినే కోడికి కొంచెం డీసీపీ మంచిదే, దాణాలో ఒక శాతం, ఒకటిన్నర శాతం. పెంకు కోసమని చెంచాలకు చెంచాలు వేస్తే భాస్వరం ఎక్కువై కాల్షియాన్నే ఒంటబట్టనీయదు, పెంకు ఇంకా పలచనవుతుంది. తవుడు ఎక్కువ పెట్టినా ఇలాంటి చిక్కే. దాంట్లోని భాస్వరం ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉండి కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. మేతలో తవుడు అయిదో వంతు మించనీయకండి.

ఆకుకూరలు. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని బంధిస్తాయి, కట్టలకు కట్టలు వేయొద్దు. మునగాకు మేలు, సొనకు రంగూ వస్తుంది. పది గ్రాముల మునగాకులో ముప్పై, నలభై మిల్లీగ్రాములే కనుక చిప్ప నూక మానేయడానికి అది సాకు కాదు.

కోడిపిల్లల విషయంలో ఒక హెచ్చరిక, ఇది తప్పక అచ్చు వేయండి. ఎదిగే పిల్లకు మేతలో ఒక శాతం కాల్షియం చాలు. గుడ్లు పెట్టే కోళ్ల దాణా వారాల తరబడి పిల్లలకు పెడితే, లేదా చిప్ప పొడి వాటి మేతలో కలిపితే, మూత్రపిండాలు దెబ్బతిని, గుండె, కాలేయం మీద సుద్దలాంటి తెల్లటి పూత పడి హఠాత్తుగా చచ్చిపోతాయి. బయటికి ఏ రోగం కనిపించదు. తల్లీ పిల్లలను ఒకే గంప కింద పెంచే ఇంట్లో పిల్లల దాణానే అందరికీ పెట్టి, తల్లికి మాత్రం ఎత్తులో కట్టిన చిప్పలో ఆల్చిప్ప నూక ఉంచడం సులువైన దారి. పెట్టకోడికి చిప్ప నూక ఎప్పుడు మొదలుపెట్టాలంటే, తురాయి ఎర్రబడి, తోక కింది రెండు ఎముకల మధ్య రెండు వేళ్లు పట్టేటప్పుడు. మొదటి గుడ్డుకు రెండు వారాల ముందు నుంచి కోడి తన ఎముకల లోపల కాల్షియం దాచుకోవడం మొదలుపెడుతుంది, ఆ దాపుడు సరిగ్గా సాగాలి. గుడ్లు పెట్టే కోళ్లకు కూడా అతి పనికిరాదు. పెంకు మీద సుద్ద చుక్కలు, గరుకు బొడిపెలు, నీళ్ల రెట్టలు కనిపిస్తే దాణాలో కలిపిన పొడి ఆపి, విడి గిన్నె ఒక్కటే ఉంచండి.

ఎండాకాలం సంగతి వేరు. ఏప్రిల్, మేలో మన దగ్గర నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నాల్లో కోడి నోరు తెరిచి రొప్పుతుంది. ఆ రొప్పులో రక్తంలోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) బయటికి పోతుంది. పెంకులోని కార్బనేటుకు మూలం అదే. కాల్షియం కడుపు నిండా ఉన్నా జతకట్టే రెండో సరుకు తక్కువై పెంకు పలచబడుతుంది. పైగా వేడికి మేత తగ్గిస్తుంది. కాబట్టి మే నెలలో చిప్ప నూక ఒక్కటే రెట్టింపు చేసి లాభం లేదు. మేత తెల్లవారి అయిదు నుంచి ఎనిమిది లోపు ఒకసారి, పొద్దువాలాక ఒకసారి పెట్టండి. మట్టి తొట్టిలో నీళ్లు మధ్యాహ్నం రెండుసార్లు మార్చాలి. మిద్దె మీద రేకుల గూడు అయితే రేకు పైన తడి గోనెసంచులు పరిచి, పక్కలు గాలి ఆడేలా ఉంచండి. బాగా రొప్పే రోజుల్లో లీటరు నీటికి ఒక గ్రాము వంటసోడా కలిపి రెండు మూడు రోజులు ఇవ్వొచ్చు. పక్కనే మామూలు నీళ్ల తొట్టి కూడా ఉండాలి.

మిద్దె గూళ్లలో ఇంకో లోటు ఎండ తగలకపోవడం. కాల్షియం పేగు దాటి రక్తంలోకి పోవాలంటే విటమిన్ డి3 కావాలి. ఒంటి మీద నేరుగా ఎండ పడితే కోడి దాన్ని స్వయంగా తయారుచేసుకుంటుంది. గాజు కిటికీ లోంచి వచ్చే ఎండ అందుకు పనికిరాదు. పొద్దున ఒక గంట బయట వదలండి. పిల్లులు, గద్దల భయం ఉంటే పైన వల కప్పండి. వానాకాలంలో బూజు పట్టిన మక్కలు, ముక్కిన నూకలు కూడా పెంకును పలచబరుస్తాయి. బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, విటమిన్ డి పని చేయదు. ఎండబెట్టినంత మాత్రాన ఆ విషం పోదు, పారేయడమే.

ప్రతి తోలుగుడ్డూ కాల్షియం లోటు కాదు. కొత్తగా గుడ్డు మొదలుపెట్టిన పెట్ట ఒకటి రెండు పెంకు లేని గుడ్లు పెట్టడం మామూలే. రెండేళ్లు దాటిన కోడికి గుడ్డు పెద్దదై పెంకు అంతే ఉంటుంది కనుక పలచబడుతుంది. దీపావళి టపాకాయల రాత్రికో, కుక్క తరిమిన రోజుకో బెదిరి పెట్టే గుడ్డు ఒక్క రోజుతో సరి. గుంపులో ఒక్క కోడే నెలల తరబడి అలా పెడుతుంటే లోపం దాని కడుపులోనే ఉండొచ్చు. అదే అన్ని కోళ్లకూ ఒకేసారి గుడ్లు తగ్గి, వంకర గుడ్లు, నీళ్లలాంటి తెల్లసొన, ముక్కు కారడం, గురక కనిపిస్తే అది రోగం. కొక్కెర తెగులు (రాణిఖేత్), ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే శ్వాస రోగం ఇలాగే మొదలవుతాయి. అప్పుడు చిప్ప నూక పెట్టుకుంటూ కూర్చోక పశువైద్యులకు చూపించాలి. కోడి నిటారుగా నిలబడి, తోక పైకీ కిందికీ ఆడిస్తూ, ముక్కుతూ, గుడ్డు రాక అవస్థ పడుతుంటే గుడ్డు ఇరుక్కుందని. కాల్షియం తగ్గి కండరాలు బిగువు తప్పడం దానికి ఒక కారణం. గోరువెచ్చని నీటి తొట్టిలో నడుం దాకా పదిహేను ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, చీకటిగా ఉన్న చోట వదలండి. గంట రెండు గంటల్లో రాకపోతే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. నొక్కి తీయబోతే లోపల చితికి కోడి చస్తుంది.

గుణం తెలియాలంటే పెంకు తూచండి. వంటింటి కాటా ఒక గ్రాము తేడానే చూపుతుంది కనుక పది గుడ్లు కలిపి తూచి, వాడాక పది పెంకులూ కడిగి ఆరబెట్టి కలిపి తూచాలి. గుడ్ల బరువులో పెంకు బరువు తొమ్మిది, పది శాతం ఉంటే బాగున్నట్టు. అయిదు వందల గ్రాముల గుడ్లకు పెంకులు నలభై గ్రాముల లోపు వస్తే లోటుంది. ఫోన్ లైటు పెట్టి చూసినప్పుడు కనిపించే మచ్చలను బట్టి పెంకు పలచన అనుకోకండి, అవి తేమ మచ్చలు కావచ్చు. చిప్ప నూక మొదలుపెట్టాక వారంలోపే తేడా చేతికి తెలుస్తుంది. రెండు వారాలైనా మార్పు లేకపోతే కారణం వేరే చోట వెతకాలి: ఎండ, భాస్వరం, బూజు, వయసు, రోగం.

చివరగా మూడు విన్నపాలు. దాణా దుకాణదారులు షెల్ గ్రిట్‌ను యాభై కిలోల బస్తా లెక్కనే కాకుండా కిలో, రెండు కిలోల పొట్లాలుగా, ముక్క సైజు రాసి అమ్మితే ఇంటి పెంపకందారులు టానిక్ సీసాల జోలికి పోరు. కోడిపిల్లలను పంపిణీ చేసే కేంద్రాలు ప్రతి పెట్టెతోపాటు తెలుగులో ఒక చీటీ ఇవ్వాలి. పిల్లలకు ఏ దాణా, ఏ వారంలో మార్చాలి, చిప్ప నూక ఎప్పుడు మొదలుపెట్టాలి, పిల్లలకు ఎందుకు పెట్టకూడదు అన్న నాలుగు మాటలు దాని మీద ఉంటే చాలు. మీ పత్రిక ఏటా ఫిబ్రవరి ఆఖర్లో, ఎండలు ముదరకముందే, ఈ విషయం ఒకసారి వేయాలి. ఏప్రిల్‌లో వేస్తే అప్పటికే కోళ్ల ఎముకలు కరగడం మొదలై ఉంటుంది.

ఇట్లు,
పెరటికోళ్ల పెంపకందారులు కొందరు,
బోడుప్పల్, హైదరాబాద్